నాణెములపై మరకలు

కొన్ని సంవత్సరముల క్రిందట కృష్ణాతీరమందలి యొక గ్రామమున మా మిత్రులొకరి యింట రెండు దినములుండుట మాకు తటస్థించెను. భోజనానంతరము వారు లోపలినుండి చిన్న గుడ్డసంచి నొకదానిని తెచ్చి మా ముందు కుమ్మరించిరి. పొలమునకు పాటిమట్టి తోలించుచుండగా దొరికిన సీసపు బిళ్లలవి. ఇరువదికి పైగా నుండెను. "మీరు వత్తురని నిన్ననే తోమించి యుంచితిని" అని గృహిణి సంతోషముతో చెప్పెను. చింతపండును, పిడకల బూడిదయు, కొబ్బరిపీచును తమ పనిని చక్కగా నెరవేర్చినవి. బిళ్లలు తళతళలాడుచుండెను. ఒకవైపున ఏనుగు వీపును బోలిన వంపుగీత, రెండవవైపున నాలుగు వలయముల చిహ్నము మాత్రము మిగిలినవి. అంచున చుట్టును బ్రాహ్మీలిపిలో రాజు పేరుండవలసిన చోట నున్నని లోహము తప్ప మరేమియు లేదు. సంచి మడతలో చిక్కుకొని తోముడు తప్పించుకొన్న బిళ్ల యొక్కటి మాత్రముండెను. బూడిదవన్నె పొరతో నున్న ఆ బిళ్లను దీపమునకు ఏటవాలుగా బట్టి చూడగా "సిరి" యను రెండక్షరములును, వాని తరువాత సగము విరిగిన మరియొక యక్షరమును కనబడెను. తక్కిన బిళ్లలపైనను నిన్నటివరకు అట్టి యక్షరములే యుండియుండును.

ఆ గృహిణి చేసిన దానిలో తప్పు పట్టుటకు మాకు మనసొప్పలేదు. పాత్రను తోమి మెరిపించుట మన యిండ్లలో శుచికి గుర్తు. పాత్ర తోముట నేర్పినవారు తరతరములుగా నున్నారు. నాణెమును తోమరాదని ఆమెకు చెప్పినవారెవ్వరు? చదువుకొన్న మేమే చెప్పలేదు. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ సంచియే కారణము. నాణెముపై తుడువదగిన మరక యేది, తుడువరాని మరక యేది, ఈ భేదమును మానవులు ఎన్ని నాణెములను పోగొట్టుకొని తెలిసికొనిరి అను విషయములను చదువరుల ముందుంచుట మా యుద్దేశము.

నాణెముపై కనబడు గుర్తులలో కొన్ని నేల పెట్టినవి, కొన్ని మనుష్యులు పెట్టినవి. టంకశాలలో వేసిన ముద్ర యొక్కటియే నాణెమునకు నిజమైన రూపమనియు, తరువాత పడిన గీతయు, నొక్కును, గాటును దోషములే యనియు సామాన్యుల తలంపు. నాణెములను కూర్చు వేడుక గలవారిలో సయితము ఈ తలంపు గలదు. చరిత్రకారునికి మాత్రము ఆ గాటులే యొక్కొక్కప్పుడు ముద్రకంటె నెక్కువ విలువగలవి.

మన దేశమున మిక్కిలి ప్రాచీనములైన వెండి నాణెములు విద్ధాంక నాణెములు. వెండిరేకును ముక్కలుగా కత్తిరించి, మూలలు కోసి తూకము సరిచేసి, ముఖముపై చిన్నచిన్న ముద్రలను వేరువేరుగా కొట్టి వానిని చేసిరి. సూర్యుడు, ఆరు చేతుల చక్రము, కొండ, ఎద్దు, ఏనుగు మున్నగు ముద్రలు ముఖముపై సాధారణముగా నైదు కనబడును. వెనుకవైపున ముద్రలకు లెక్క లేదు. కొన్నిటిపై నొక్కటియు నుండదు. కొన్నిటిపై పదికి మించి యుండును. ఇవి మిక్కిలి చిన్నవి, ఒకదానిపై నొకటి పడినవి, చూపునకు గోటిగాట్లవలె నుండునవి. చేతులు మారునప్పుడు నాణెమును పరీక్షించిన షరాబులు వేసిన గుర్తులివి యని పండితులలో పలువురి యభిప్రాయము.

తక్షశిలయందు భీర్ దిబ్బలో 1924వ సంవత్సరమున ఇట్టి నాణెముల నిధి యొకటి దొరకినది. వాల్షు అను పండితుడు ఆ నాణెముల ముద్రలను, తూకములను వివరించుచు 1939లో గ్రంథము ప్రకటించెను. పూనాలో గణితోపాధ్యాయుడుగా నుండిన దామోదర ధర్మానంద కోశాంబి ఆ తూకముల పట్టికలను గైకొని గణితశాస్త్రరీత్యా పరిశీలించెను. వెనుకవైపు గుర్తులు పెరిగినకొలది నాణెముల సగటు తూకము క్రమముగా తగ్గుచున్నదని ఆతడు కనుగొనెను. ఇందలి మర్మము తేటయే. నాణెము చేతులు మారుచు, మూటలలో నొరసికొనుచు అరిగిపోవును. ఎన్నిమారులు పరీక్షకు వచ్చినదో అన్ని గుర్తులు దానిపై బడును. కనుక గుర్తులు హెచ్చిన నాణెము ఎక్కువకాలము తిరిగినది. ఎక్కువకాలము తిరిగినది తేలికయైనది. ఈ సూత్రము నాధారము చేసికొని, ఏ జాతి నాణెము ముందుది, ఏది వెనుకటిది యని నిర్ణయించుటకు ఆతడు దారి తీసెను. రాజుల పేరులు లేని నాణెములకు కాలక్రమము చెప్పుటకు గుంజలో నంశములవంటి తూకపు భేదములు సాక్ష్యమిచ్చినవి.

ఇట్టి నాణెమును ద్రావకములో ముంచి తెల్లగా చేసినయెడల నేమగును? మొదట తూకము తగ్గును. రెండువేల యేండ్ల క్రిందటి షరాబుల చేతులలో అరిగినదెంతయో, నిన్న మన గిన్నెలో కరగినదెంతయో వేరుపరచుట కిక నెవ్వరికిని సాధ్యము గాదు. తరువాత వెనుకవైపునందలి సన్నని గుర్తులు చెరగును. నాణెము మిగులును, అది చెప్పవలసిన మాట పోవును.

మనుష్యులు పెట్టిన గుర్తునకు మన శాతవాహనుల చరిత్రలోనే యింతకంటె స్పష్టమైన యుదాహరణ మొకటి యున్నది. నాసిక సమీపమున జోగళ్‌తెంబి యను గ్రామములో 1906వ సంవత్సరమున ఒక కుండలో 13,250 వెండి నాణెములు బయల్పడినవి. అన్నియు క్షహరాత వంశీయుడైన నహపానునివి. ముఖమున రాజు శిరస్సు, చుట్టును యవనలిపి. వెనుక బాణము, వజ్రాయుధము, బ్రాహ్మీ ఖరోష్ఠీ లిపులలో రాజు పేరు. కాని వీనిలో 9,270 నాణెములపై మరియొకరి ముద్ర పడియున్నది. నహపానుని మొగముమీదనే వంపుల కొండయు, దాని చుట్టును గౌతమీపుత్ర శ్రీ సాతకర్ణి పేరును. రెండవవైపున శాతవాహనులకు పరిచితమైన నాలుగు వలయముల చిహ్నమును కొట్టబడినవి. ఓడినవాని నాణెములను గెలిచినవాడు కరగింపలేదు. కొలిమిలో వేయకయే వానిపై తన ముద్ర వేసి మరల చెలామణి చేసెను. క్షహరాతులను గౌతమీపుత్రుడు నిర్మూలించెనని ఆతని తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక గుహలో వ్రాయించిన శాసనము చెప్పుచున్నది. కొడుకునుగూర్చి తల్లి చెప్పిన మాటను నమ్మవచ్చునా యని సంశయించువారికి ఈ తొమ్మిదివేల నాణెములు సమాధానము చెప్పినవి.

ఆ నాణెములను తెలియనివాడు చూచినయెడల ముద్రలు కలగాపులగమై చెడిపోయిన బిళ్లలనియే యనుకొనును. కొండ క్రిందినుండి తొంగిచూచుచున్న ముక్కును, చెవిని, వంకర యక్షరములను మాలిన్యమని రుద్దునేమో! ఒక రాజు మీద మరియొక రాజు నిలిచిన వైనమంతయు ఆ కలగాపులగమునందే యున్నది.

పుదుక్కోట సంస్థానమున 1898లో దొరికిన 501 రోమక స్వర్ణముద్రలను గూర్చియు నిట్లే చెప్పవలసియున్నది. వానిలో చాల నాణెములపై చక్రవర్తి శిరస్సుమీదుగా ఉలితో వేసిన గాటు గలదు. లోపల బంగారమేనా, పైపూతయా యని పరీక్షించుటకు కొట్టిన గాటని కొందరందురు. విదేశపు ముద్రను రద్దుచేసి ఆ నాణెమును కేవలము లోహముగా నెంచుటకు వేసినదని కొందరందురు. ఈ వాదము తీరవలెనన్న గాటు నిలిచి యుండవలయును. కంసాలిచేత గాటును పూడ్పించి నునుపు చేయించిన నాణెము అంగడిలో నందముగా కనబడునేమోగాని, సముద్రముదాటి వచ్చిన ఆ బంగారమును మన దేశమున నెట్లు పరీక్షించిరో, ఎట్లు లెక్కించిరో చెప్పజాలదు.

ఇక నక్షరముల మాట. కలకత్తా టంకశాలలో లోహపరీక్షాధికారిగా నుండిన జేమ్సు ప్రిన్సెపు నాణెముల చదువునకు చేసిన మేలు సుప్రసిద్ధము. లోహమును కరగించి యందలి స్వచ్ఛత నెంచుట ఆతని యుద్యోగధర్మము. కరగింపక చదువుట ఆతని వ్యసనము. పంజాబునందును, కాబూలు ప్రాంతమునందును దొరకుచుండిన యవనరాజుల నాణెములపై ఒకవైపున యవనలిపియు, రెండవవైపున ఎవరును చదువజాలని మరియొక లిపియు నుండెను. ఒకవైపున "బసిలెయోస్ సోతేరోస్ మెనాండ్రౌ" అని యున్నది. ఆ మాటలకు సరిపోవు గుర్తులు రెండవవైపున గలవని చార్లెసు మాసను మొదట గమనించి తెలుపగా, ప్రిన్సెపు దానిని కొనసాగించెను. "మహారజస త్రతరస మెనంద్రస" అని రెండవవైపు తన గుట్టు విప్పినది. 1838 నాటికి ఖరోష్ఠీలిపిలో చాల యక్షరములు తెలిసినవి. ఆ సంవత్సరములలోనే బ్రాహ్మీలిపి రహస్యమును ప్రిన్సెపు ఛేదించెను. అటుపిమ్మట రెండేండ్లకే, 1840లో, ఆతడు కాలధర్మము నొందెను. నాణెమునకు రెండువైపులను సరిగా నిలిచియుండుట ఈ విజయమునకు మూలము. ఒకవైపు బాగుగా మెరసి, రెండవవైపు గీచుకొనిపోయిన నాణెములే ఆతనికి చిక్కియున్నయెడల ఈ చదువు ఎంతకాలము వెనుకబడియుండెడిదో!

మన తెలుగుదేశమునందును ఇట్టి సాక్ష్యములకు కొదువలేదు. గోదావరీతీరమున జగిత్యాల జిల్లాయందలి కోటిలింగాలలో దొరికిన నాణెములపై గోభద, నారన, కంవాయ, సమగోప అను పేరులు చదువబడినవి. ఈ ప్రభువులు మనకు నాణెములవలననే పరిచితులైనవారు. చిముక యను పేరుగల నాణెములు నక్కడనే దొరికినవి, వానిని పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు పరిశోధించి ప్రకటించిరి. పురాణములలోను, నానేఘాటు శాసనములోను శాతవాహన వంశమునకు మొదటివాడుగా వినబడు సిముకునితో ఈ పేరును పోల్చుట చరిత్రలో పెద్ద చర్చకు దారితీసినది. కోరమండల తీరమున దొరికిన ఓడగుర్తు సీసపు నాణెముల సంగతియు నట్టిదే. వానిపై రెండు కొయ్యల యోడ స్పష్టముగానే కనబడుచుండెను. అక్షరములు మాత్రము అరిగియుండెను. అట్టి ప్రతులను చూచినవారు మొదట పులుమావి పేరని యూహించిరి. మేలైన ప్రతులు చిక్కిన పిమ్మట యజ్ఞశ్రీ సాతకర్ణి పేరు వానిపై చదువబడినది. ఒకటి రెండక్షరములు నిలుచుట నిలువకపోవుటలో ఓడ యే రాజుదో మారిపోయినది. మా మిత్రుల సంచిలోని బిళ్లలను తలచుకొనినప్పుడెల్ల మాకు ఈ ఓడయే జ్ఞప్తికి వచ్చుచుండును.

మనుష్యులు పెట్టిన గుర్తులను ముట్టరాదన్నచో, నేల పెట్టిన మరకలనైనను తుడిచివేయవచ్చునా? ఇచ్చటనే చాలమంది పొరపడుదురు. లోహము భూమిలో నూరేండ్లు, వేయేండ్లు పడియుండగా పైపైన మట్టి అంటుకొనుట మాత్రమే జరుగదు. లోహమే క్రమముగా మారిపోవును. రాగి గాలితోను, నీటితోను, మట్టియందలి లవణములతోను కలసి చిలుమగును. వెండిపై గాలిలోని గంధకమువలన నల్లని పొర యేర్పడును; ఉప్పునేలలో చిరకాలమున్న వెండి పైభాగము మైనమువంటి మెత్తని లవణముగా మారును. సీసము బూడిదవన్నె పొరతో తన్ను తాను కప్పుకొనును. బంగార మొక్కటియే మారనిది.

ఇట్లు మారిన పొర నాణెముపై బడిన పరాయి వస్తువు కాదు. ఒకప్పుడు నాణెముయొక్క చర్మముగా నున్న లోహమే ఈ పొరయైనది. కాలిన కాగితమును చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. కాగితము మసియైనను దానిమీది వ్రాత ఆ మసిపై నిలిచియుండును. మెల్లగా పట్టుకొన్నచో చదువవచ్చును. మసి గదా యని తుడిచినయెడల వ్రాతయు పోవును. పాతనాణెముపై నక్షరముకూడ చాలమారులు పొరయందే యున్నది, లోపలి లోహమునందు లేదు. చెంబుపై చిలుము నెలదినములది. దాని క్రింద గట్టి రాగి యున్నది. చింతపండు పులుసు ఆ పలుచని పొరను మాత్రము తినివేసి క్రిందిరాగిని మెరిపించును. వేయేండ్ల నాణెమున అదే పులుసు చిలుముతోబాటు రాజు పేరునుగూడ తినివేసి, గుంటలుపడిన ఎఱ్ఱని ముక్కను మనచేతిలో పెట్టును. సీసము మరింత సుకుమారము. దానిని పులుపు తినును, బూడిదలోని క్షారము తినును, పీచు గీచును.

అయినను చిలుమంతయు మంచిదే యని యూరకుండుటకు వీలులేదు. చిలుములో రోగమొకటి యున్నది. ఉప్పుగల నేలలో నున్న రాగి, కంచు నాణెముల లోపల క్లోరిన్ రాగితో కలసి దాగియుండును. నాణెము బయటికి వచ్చి చెమ్మగాలి తగిలినంతనే ఆ పదార్థము లేతపచ్చని పొడిగా పొంగును. పొంగుటతోబాటు ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము క్రొత్తరాగిని తిని మరల పొడిచేయును. ఈ చక్రము ఆగక తిరుగుచు తుదకు నాణెము పొడియగును. ఫ్రాన్సు దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు బెర్తెలో 1890 తరువాతి సంవత్సరములలో ఈ చక్రమును వివరించెను. మంచి చిలుము గట్టిగా, నున్నగా, ముదురువన్నెతో నుండి గోటికి రాదు. రోగపు చిలుము లేతపచ్చగా, పొడిపొడిగా, చుక్కలుచుక్కలుగా నుండును. తుడిచిన చోటనే వారము దినములలో మరల పుట్టును. మన సముద్రతీరపు జిల్లాల చెమ్మలో ఈ రోగము త్వరగా ముదురును.

నాణెములను, పురాతన వస్తువులను శుభ్రపరచు పని శాస్త్రజ్ఞుల చేతికి వచ్చి నూటయేబది యేండ్లయినను కాలేదు. అంతకుముందు కంసాలియే దీనికి వైద్యుడు. బెర్లిను నగరపు రాజకీయ మ్యూజియములలో 1888లో రసాయనశాల నొకదానిని స్థాపించి ఫ్రీడ్రిహ్ రాత్గెను అను రసాయనజ్ఞుని నియమించిరి. ఆతడు 1898లో వస్తుసంరక్షణమునుగూర్చి ప్రకటించిన గ్రంథము 1905లో ఇంగ్లీషులోనికి వచ్చి లోకమంతట వ్యాపించినది. తుత్తునాగపు రజనుతోను, కాస్టిక్ సోడాతోను కలిపి యుంచుట, విద్యుత్ప్రవాహమును పంపుట మున్నగు పద్ధతులు ఆ కాలమున ప్రబలినవి. వీనివలన చిలుమంతయు పోయి గట్టిలోహము బయటపడెడిది. రోగము కుదిరెడిది, కాని రోగితోబాటు ఆతని మొగముగూడ మారిపోయెడిది. పొరలో నిలిచియున్న సన్నని రేఖలు నశించెను. మ్యూజియములలో నేడు కనబడు ఎఱ్ఱని, గుంటలుపడిన నాణెములలో ననేకము ఆనాటి చికిత్సకు ఫలములే.

మొదటి ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషు మ్యూజియమువారు తమ వస్తువులలో కొన్నిటిని బాంబుల భయముచే లండనులోని భూగర్భ సొరంగములలో దాచిరి. యుద్ధము ముగిసి బయటికి తీసి చూడగా ఇనుము తుప్పుపట్టి, కంచుపై పచ్చని చుక్కలు బయలుదేరి యుండెను. కారణము కనుగొనుటకై అలెగ్జాండరు స్కాటు అను రసాయనజ్ఞుని పిలిపించిరి. అచ్చట 1920లో స్థిరపడిన ప్రయోగశాల దానికి ఫలము. తరువాత ఆ శాలలో చేరిన ప్లెండర్‌లీతు 1956లో ప్రకటించిన గ్రంథము చిరకాలము మ్యూజియములకు మార్గదర్శకమయ్యెను. మన దేశ మీ విషయమున వెనుకబడలేదని చెప్పుటకు సంతోషించుచున్నాము. పురావస్తుశాఖయందు రసాయనజ్ఞుని పదవి 1917లోనే యేర్పడినది. దానిని మొదట నిర్వహించినవారు మహమ్మదు సనాఉల్లాగారు. కొన్ని సంవత్సరములలోనే ఆ ప్రయోగశాల డెహ్రాడూనునకు తరలినది.

కాలక్రమమున ఈ శాస్త్రమునందు సంయమము పెరిగినది. పూర్వము "ఎంత తీయగలము?" అని యడిగిరి, ఇప్పుడు "ఎంత తీయక నిలుపగలము?" అని యడుగుచున్నారు. రోగపు చిలుమునకు సోడాక్షారజలములో వారములకొలది నానబెట్టు పద్ధతి బహుకాలము సాగినది. అదియు మంచిపొరను కొంత మార్చునని తెలిసినది. 1967లో మాడ్సెను అను డేనిషు నిపుణుడు బెంజోట్రయజోలు అను పదార్థమును ఈ పనికి తెచ్చెను. అది రాగితో కలసి పలుచని పొరయై చెమ్మను అడ్డగించును. పాతపొరను తీసివేయవలసిన యగత్యముండదు. భూతద్దము క్రింద సన్నని పనిముట్టుతో మట్టిని రేణువు రేణువుగా తీయుట నేటి నిపుణుల ముఖ్యమైన పని. శతాబ్దికాలము ద్రావకములను వెదకిన పిమ్మట కన్ను, చేయి, ఓర్పు అనువానియొద్దకే వారు మరల వచ్చిరి.

ఇంటిలో చేయదగిన దేమైన నున్నదా యని చదువరులడుగవచ్చును. ఉన్నది, కాని స్వల్పము. మొదట నాణెమును అంచులతో పట్టుకొని భూతద్దముతో రెండువైపులను చూడవలయును. ఎక్కడ దొరికినదో, దేనితోబాటు దొరికినదో, తూకమెంతయో వ్రాసియుంచి, ఛాయాచిత్రము తీయించవలయును. ఏ పని చేసినను ఈ వ్రాతపని తరువాతనే. వదులుగా నున్న మట్టిని మెత్తని మేకవెండ్రుకల కుంచెతో, ఒత్తకుండ, పొడిగా దులుపవచ్చును. బంగారు నాణెములను, గట్టిగా నున్న వెండి రాగి నాణెములను బట్టిపట్టిన నీటిలో కొంతసేపుంచి, మట్టి నానిన పిమ్మట వెదురుపుల్ల మొనతో మట్టిని మాత్రము కదల్చవచ్చును. తరువాత మెత్తని గుడ్డపై నుంచి అద్దవలెను, రుద్దరాదు. చెమ్మ లేశమైనను మిగులకుండ ఆరవలెను. సీసపు నాణెమునకు ఈ స్నానము పనికిరాదు. బట్టిపట్టిన నీరే గాలితో కలసి సీసమును తినును. దానిని పొడికుంచెతో దులిపి విడువవలెను.

చేతిజిడ్డునకు, ప్లాస్టికు సంచులలో దాచుటవలన నంటుకొన్న పచ్చని జిగురునకు నీరు పనిచేయదు. అసిటోను అను ద్రవము వానిని కరగించును, లోహమును ముట్టదు. కాని అది క్షణములో మండునది గనుక దీపమునకు, పొయ్యికి దూరముగా, గాలి యాడు చోట మాత్రమే వాడవలెను. పచ్చని జిగురు మరల పుట్టకుండ పాలీవినైలు క్లోరైడు సంచులను విసర్జింపవలెను. ఆ ప్లాస్టికు కాలక్రమమున ఆమ్లమును విడుచును. సీసపు నాణెములను కొయ్యపెట్టెలలో నుంచరాదు. కొన్ని జాతుల కొయ్యనుండి వెలువడు ఆమ్లపుగాలి వానిని తెల్లని పొడిగా మార్చును. రోగపు చిలుము గల నాణెమును తక్కినవానినుండి వేరుచేసి, బిగుతైన డబ్బీలో చెమ్మను పీల్చు సిలికా గుళికలతో నుంచి, మ్యూజియము వారికి చూపవలెను. ఇంతకు మించినది మన పని కాదు.

చింతపండు, నిమ్మరసము, వెనిగరు, సున్నము, పండ్లపొడి, ఇసుక వీనిలో నేదియు నాణెముదరికి రాగూడదు. వెండిని క్షణములో తెల్లజేయు ద్రావకములు అంగళ్లలో నమ్మబడుచున్నవి. ముంచిన ప్రతిసారియు అవి నల్లనిదానితోబాటు కొంత వెండినిగూడ తీసికొనిపోవును. వేలినొక్కులవంటి మరకలు కొన్ని క్రొత్తనాణెములపై చెక్కినట్లు నిలిచిపోవును. అట్టివి లోహమునందే పుట్టిన మార్పులు. వానిని తీయుట యనగా లోహమును తీయుటయే. మరక యున్న నాణెము మరకతోనే యుండనిండు. విలువ తెలిసిన కొనుగోలుదారులుగూడ తోమిన మెరుపును దూరమునుండియే గుర్తించి దాని వెల తగ్గింతురు.

చట్టమునుగూర్చి యొకమాట. 1878 నాటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము, భూమిలో దొరికిన నిధి పది రూపాయలకు మించిన విలువగలదైనచో, దొరికినవారు దాని స్వరూపమును, విలువను, దొరికిన చోటును కలెక్టరునకు వ్రాసి తెలుపవలయును. ఇందులకు భయపడి దాచువారు, కంసాలికిచ్చి కరగించువారు పలువురు. కరగిన వెండికి తూకపు వెలయే వచ్చును. కరగిన చరిత్రకు వెల కట్టువారు లేరు.

మా మిత్రుల సంచి తుదకు కలెక్టరు కచ్చేరికి చేరినది. దానిని పంపుటకు ముందు ఆ గృహిణి తోమని బిళ్లను వేరుగా నొక కాగితపు పొట్లములో కట్టి, "దీనిని కడుగవద్దు" అని పైన తన చేతితో వ్రాసినది. తోమబడిన యిరువది బిళ్లలపై ఏ రాజు పేరుండెనో ఇక నెవ్వరును చెప్పజాలరు. ఆ యొక్క బిళ్లపైనున్న సగము యక్షరమును ఎవరైన పండితులు ఎప్పుడో పూర్తిగా చదువుదురని మా యాశ. చదువరులలో నెవరి పెట్టెలోనైన నల్లబడిన పాతనాణెము లుండవచ్చును. వానిని నేడు బయటికి తీసి చూడుడు, తూచుడు, దొరికిన చోటు జ్ఞప్తియున్నచో వ్రాసిపెట్టుడు. తోముటకు మాత్రము చేయి సాచకుడు.